వెలుగుకి అడ్డం ఏం పెడదాం? ఫోను, పొందూరు ఖద్దరు, ఫ్యూజైన బల్బుతో కాంతి సినిమా తీసే పద్ధతి

పెళ్లి వీడియోల దగ్గర ఫోకస్ లైటు పట్టుకుని నిలబడ్డవాళ్లకి తెలుసు, అక్కడ లైటుకి ఒకటే పని, పెళ్లికూతురి మొహం బాగా కనపడాలి. మొహం నల్లగా వస్తేనే లైటు సంగతి ఎవరికైనా గుర్తొస్తుంది. శ్రీకాకుళంలో నేను నాలుగేళ్లు ఆ పని చేశాను. దాదాపు వందేళ్లుగా ఈ పనిని తిరగేసి చేస్తున్నవాళ్లు ఉన్నారని ఆ తర్వాతే తెలిసింది. వాళ్ల సినిమాల్లో పెళ్లికూతురు ఉండదు, కథ ఉండదు, చాలాసార్లు కెమెరా కూడా ఉండదు, ఉన్నదల్లా లైటే. ప్రయోగాత్మక సినిమా అంటారు. ఆ పేరు విని భయపడి పారిపోయేవాళ్లనే ఎక్కువ చూశాను, అందుకే ఇదంతా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ నేను చేసినవే. వాటికి కావలసిన సామాను మన జిల్లాలో ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. గాల్లోంచి పోతున్న వెలుగు మనకి కనపడదు, దేనికైనా తగిలితేనే కనపడుతుంది. గోడకో, పొగకో, నీళ్లకో, గుడ్డకో, చివరికి మన కంటికో తగలాలి. అందుకని ఈ సినిమా తీసేవాడు రోజంతా వేసుకోవలసిన ప్రశ్న, "దీనికి ఏం అడ్డం పెడదాం?" కింద ఉన్న ప్రతి పనీ ఆ ప్రశ్నకి ఒక్కో జవాబు.

మొదటి పని: గదిని చీకటి చేసుకోండి

తూర్పు కిటికీ ఉన్న గది తీసుకోండి. కిటికీకి నల్ల చార్టు పేపరు అతికించి, సందులున్న చోట పాత దుప్పట్లు కుక్కండి. తలుపు కింద నుంచి వచ్చే వెలుగుని చాలామంది వదిలేస్తారు, అక్కడ ఒక గోనెసంచి పడేస్తే సరిపోతుంది. ఇప్పుడు చార్టు మధ్యలో చిన్న చదరం కోసి, ఆ చోట వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క అతికించి, దానికి పెన్సిల్ మొనతో ఐదు మిల్లీమీటర్ల కన్నం పెట్టండి. లోపల పది నిమిషాలు ఊరికే కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి కదా.

ఎదురు గోడ మీదో నేల మీదో గుండ్రటి ఎండ బిళ్ల పడుతుంది. కన్నం గుండ్రంగా ఉంది కాబట్టి బిళ్ల గుండ్రంగా పడిందనుకుంటాం, కాదు. కన్నాన్ని మూడు పలకలుగా కోసి చూడండి, గోడ కొంచెం దూరంగా ఉంటే అప్పుడూ గుండ్రంగానే పడుతుంది. ఎందుకంటే అది కన్నం బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ. కన్నం నుంచి గోడ ఎంత దూరంలో ఉంటే అందులో సుమారు 107వ వంతు వెడల్పున వస్తుంది. మూడు మీటర్ల దూరానికి దాదాపు 28 మిల్లీమీటర్లు, అంటే పెద్ద రూపాయి బిళ్లంత. గ్రహణం పట్టిన రోజు ఆ బిళ్ల కూడా నెలవంకలా కొరుక్కుపోయి కనపడుతుంది. చింతచెట్టు కింద నేల మీద పడే చుక్కలన్నీ ఇలాంటి సూర్యుళ్లే.

మా నాయనమ్మది నాగావళి పక్క పల్లెలో పెంకుటిల్లు. పెంకుల సందులోంచి పడ్డ బిళ్లలు వంటింట్లో నేల మీద నడిచేవి. "ఎండ రోలు దాటేసింది, ఎసరెట్టాల" అనేది ఆవిడ, గడియారం వైపు చూసేది కాదు. ఆ నడక నిజంగా కళ్లతో పట్టుకోగలిగేంత వేగం. బిళ్ల తన వెడల్పంత దూరం జరగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. గోడ మీద పెన్సిల్‌తో దాని చుట్టూ గీత గీసి, టీ తాగి వచ్చి చూడండి, గీత వదిలేసి పక్కకి వెళ్లిపోయి ఉంటుంది.

మీ మొదటి షాట్ ఇదే. ఫోనుని కదలకుండా స్టాండుకి బిగించి, రెండు సెకన్లకి ఒక ఫొటో చొప్పున గంటసేపు తీయండి. 1800 ఫొటోలు వస్తాయి, సెకనుకి 24 చొప్పున నడిపితే 75 సెకన్ల సినిమా. బిళ్ల వచ్చే దారిలో ఏదో ఒకటి పెట్టండి, గోడకి తగిలించిన చొక్కా, మూలనున్న బిందె అంచు, నిద్రపోతున్న తమ్ముడి చెయ్యి. ఏది పెట్టినా అది పక్కవేషమే, నడిచేది బిళ్ల.

అరసవల్లి సంగతి ఇక్కడే చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు, మార్చి 9, 10, 11 తేదీల్లోనూ అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ, తెల్లవారగానే సూర్యకిరణాలు ద్వారాలన్నీ దాటుకుంటూ లోపలికి వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలకి తగులుతాయని మనందరికీ తెలుసు, మబ్బు పడితే ఉసూరుమంటూ వెనక్కొచ్చిన వాళ్లమే. ఎందుకు రెండుసార్లు అంటే, సెప్టెంబరు 23 దాటాక సూర్యుడు దక్షిణానికి వెళ్తూ ఆ చోట ఒకసారి ఉదయిస్తాడు, డిసెంబరులో అటు చివరిదాకా వెళ్లి, మార్చి 20 లోపు తిరిగి వస్తూ అదే చోట ఇంకోసారి ఉదయిస్తాడు. కిరణం ఏ రోజు ఎక్కడ తగలాలో ముందే లెక్కేసుకుని గుమ్మాలు నిలబెట్టినవాళ్లు కాంతితో పని చేసినవాళ్లే. గుడి లోపల కెమెరా తీయకండి, కళ్లతో చూసి రండి.

కానీ మీ ఇంటికి మాత్రం ఇదే లెక్క వాడుకోండి. మీ వంటింట్లో ఫిబ్రవరి 1న ఏదో ఒక కోణంలో అద్భుతంగా పడ్డ ఎండని తీయడం మిస్సయ్యారనుకోండి, అది నవంబరు 10కి అటూఇటూగా మళ్లీ అదే చోటుకి వస్తుంది, గడియారంలో మాత్రం దాదాపు అరగంట ముందుగా. నేను ఒక క్యాలెండరులో ఇవన్నీ రాసుకుంటాను. మే రెండో వారంలో మన దగ్గర పన్నెండుకి కాస్త ముందు సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు. జూలై చివర్లో ఇంకోసారి వస్తాడు గానీ అప్పటికి మబ్బులు. నూతిలో అడుగుదాకా ఎండ దిగే రోజులవి, నూతి గట్టు మీద నుంచి తీయండి.

రెండో పని: ఫోనుని అదుపులో పెట్టండి

ఇది చిన్న పనే గానీ చెయ్యకపోతే మిగతాదంతా పాడు. ఫోను మనకి సాయం చేస్తున్నాననుకుంటూ చీకటిని తెల్లగా చేసేస్తుంది, వెలుగుని తగ్గించేస్తుంది. మనకి కావలసింది ఆ తేడానే. ప్రో మోడ్‌లోకి వెళ్లి ఐఎస్ఓ (వెలుగుని ఫోను ఎంత పెంచి చూపించాలో), షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుగుని లోపలికి రానిచ్చే సమయం, సెకనులో ఎన్నో వంతో), వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగుని తెలుపనుకోవాలో), ఫోకస్ నాలుగూ చేత్తో పెట్టి లాక్ చెయ్యండి. ఐఎస్ఓ వీలైనంత తక్కువ, 50 లేదా 100. వైట్ బ్యాలెన్స్ 5600 కెల్విన్ దగ్గర ఉంచేస్తే పగటి ఎండ తెల్లగా ఉంటుంది, దీపం వెలుతురు నారింజ రంగులో దీపంలాగే ఉంటుంది. ఆటోలో వదిలేస్తే దీపాన్ని కూడా ట్యూబులైటు చేసి పెడుతుంది. బిళ్లలో బొత్తిగా వివరం లేకుండా తెల్లగా కాలిపోతుంటే బిళ్లకి సరిపడా పెట్టండి, గది నల్లగా ఉండనివ్వండి.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఇంట్లో దీపాలు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంటాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే అది కనపడదు. 1/60 పెడితే చౌక ఎల్ఈడీ బల్బు కింద నల్ల చారలు మెల్లగా పైకో కిందకో పాకుతుంటాయి. పెళ్లి వీడియోలో అది తప్పు, తిట్లు తినాలి. ఇక్కడ అదే సినిమా. ఒక తెల్ల గోడ, ఒక బల్బు, షట్టర్ 1/60 నుంచి 1/1000 దాకా ఒక్కో మెట్టు పెంచుతూ ఒక్కోటి పది సెకన్లు తీయండి. గోడ మీద కరెంటు నడుస్తున్నట్టుంటుంది.

సూర్యుడి వైపు నేరుగా, అందులోనూ జూమ్ చేసి ఫోను పెట్టకండి. లేజరు లైటు లెన్సులో పడనివ్వకండి. సెన్సారు పోతే మళ్లీ రాదు, కన్ను సంగతి చెప్పక్కర్లేదు.

మూడో పని: అడ్డం పెట్టండి

హంగేరీలో పుట్టిన మొహోలీ-నాడ్జ్ అనే కళాకారుడు 1930లో చిల్లుల లోహపు రేకులు, గాజు ముక్కలు, కడ్డీలు కలిపి మోటారుతో తిరిగే యంత్రం ఒకటి చేయించి, దాని మీద లైటు వేసి, గోడల మీద పడ్డ నీడలతో సహా సినిమా తీశాడు. మన వంటింట్లో అంతకి తక్కువ సామాను లేదు. బూందీ గరిటె, ఇడ్లీ రేకు, పిండి జల్లెడ, జంతికల గొట్టం బిళ్లలు. పాత టేబుల్ ఫ్యాను రెక్కలు విప్పేసి ఆ ఇరుసుకి తేలికపాటి జల్లెడ కట్టండి, బాగా బిగించాలి, ఎగిరి వస్తే దెబ్బ తగులుతుంది. పక్క నుంచి టార్చి వెయ్యండి. ఒకటే దీపం ఉండాలి, రెండు పెడితే నీడలు ఒకదాన్నొకటి తినేస్తాయి. దీపం ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా ఉంటుంది. ఫోను టార్చి చుక్కంత ఉంటుంది కాబట్టి నీడ కత్తితో కోసినట్టు వస్తుంది, ట్యూబులైటు నీడ చెదిరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మన జిల్లావే రెండు ఉన్నాయి.

ఒకటి పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసిన బట్ట అది. పాత పంచె అయినా పర్వాలేదు, రెండు గుంజలకి లాగి కట్టి, వెనక నుంచి లైటు వేసి, ముందు నుంచి దగ్గరగా ఫోకస్ పెట్టండి. మిల్లు గుడ్డ గ్రాఫు కాగితంలా ఉంటుంది. ఇందులో ఒక్కో పోగూ ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో చిన్న ముడి, ఆ ముడి దగ్గర వెలుగు ఆగి నల్లచుక్క అవుతుంది, సన్నబడ్డ చోట నుంచి జారి అవతలకి వస్తుంది. వడికిన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తొందరపడిందో వెలుగు చదివి చెబుతున్నట్టే ఉంటుంది. ఎవరైనా బట్టని వెనక నుంచి వేలితో అర అంగుళం నొక్కి వదిలితే తెర మొత్తం ఊపిరి పీల్చినట్టు కదులుతుంది. నేను ఈ ఒక్క షాట్‌ని మూడు నిమిషాలు కోయకుండా ఉంచాను, ఇప్పుడు తీసినా అంతే ఉంచుతాను.

రెండోది బుడితి ఇత్తడి. సారవకోట మండలంలో బుడితి వాళ్లు చేసిన పళ్లెం మీ ఇంట్లో ఉంటే చింతపండుతో తళతళా తోమి, ఎండలో పెట్టి, దాని మెరుపుని చీకటి గదిలో గోడ మీదకి తిప్పండి. అద్దం తెల్ల వెలుగుని తెల్లగానే పంపుతుంది, ఇత్తడి పసుపు కలిపి పంపుతుంది. సుత్తి దెబ్బలున్న పళ్లెమైతే ఒక్కో నొక్కూ ఒక చిన్న గిన్నె లాంటిది, దాని వెలుగు గోడ మీద ఒక్కో రేకులా విచ్చుకుంటుంది. అందులో వేలెడు లోతు నీళ్లు పోసి, పళ్లేన్ని తట్టి చూడండి. ఫోనుని గోడ వైపే ఉంచండి, పళ్లెం కనపడనివ్వకండి. మొదట నేను పళ్లెం, చెయ్యి, గోడ అన్నీ ఒకే షాట్‌లో చూపించి పాడుచేశాను. ఎలా వచ్చిందో చెప్పేస్తే, చూసేవాడు ఇక దాన్ని చూడడు.

గాజుని తక్కువ చేయకండి. అమెరికా దర్శకుడు స్టాన్ బ్రాకేజ్ 1974లో ఒక గాజు యాష్‌ట్రే లోంచి వచ్చే వెలుగుని మాత్రమే తీసి గంటకి పైగా నిడివిగల సినిమా చేశాడు. మందపాటి సోడా సీసా అడుగు, పేపర్‌వెయిటు, పగిలిన టార్చి అద్దం ఏదైనా సరే, లెన్సుకి ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక్కో డిగ్రీ చొప్పున తిప్పండి. వేగంగా తిప్పడం అందరూ చేసే తప్పు. రంగులు గాజులో ఎక్కడో ఒక అంచు దగ్గరే ఉంటాయి, వెతుకుతూ తిప్పితేనే దొరుకుతాయి.

రాత్రి పూట అయితే ఎదురు పని. అక్కడ చీకటి చాలా ఉంది, వెలుగు కొంచెమే, కదలవలసింది మీరు. న్యూయార్క్‌లో మేరీ మెన్కెన్ క్రిస్మస్ దీపాల ముందు కెమెరాని చేత్తో ఊపుతూ, తిప్పుతూ వాటిని గీతలుగా మార్చింది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి తొలేళ్ల రాత్రి ఊరంతా సీరియల్ సెట్లు కడతారు కదా, షట్టర్‌ని ఫోను ఇచ్చినంత నిదానంగా పెట్టి, ఒక్కో దీపాన్ని పెన్సిల్ మొనలా వాడుకుని చేతిని కదపండి. గంటస్తంభం దగ్గర జనం తోసుకునేటప్పుడు మీ చెయ్యి కదిలే తీరు కూడా ఆ గీతలో రికార్డవుతుంది. స్టాండు ఇంట్లో వదిలేసి వెళ్లండి. కళింగపట్నం వెళ్లగలిగితే లైట్‌హౌస్ వెలుగు తిరిగి వచ్చే మధ్యలోని చీకటిని కూడా పూర్తిగా తీయండి, ఎడిటింగులో కోయకండి.

నాలుగో పని: కెమెరా లేకుండా, పట్టీ మీద

ఇదే అసలు పని, ఓపిక కూడా దీనికే కావాలి.

మాన్ రే 1923లో పారిస్‌లో చీకటి గదిలో ఫిల్ము ముక్కల మీద ఉప్పు, మిరియాల పొడి, గుండు సూదులు చల్లి ఒక్కసారి లైటు వేశాడు. వస్తువు ఉన్నచోట వెలుగు తగల్లేదు, మిగతాచోట తగిలింది, అంతే, సినిమా అయిపోయింది. న్యూజిలాండ్ నుంచి వెళ్లిన లెన్ లై 1935లో ఫిల్ము మీదే రంగులు వేశాడు, తర్వాత 1958లో నల్ల ఫిల్ముని గీకి గీకి వెలుగుకి దారి తీశాడు. బ్రాకేజ్ 1963లో దీపాల దగ్గర చచ్చిపడిన పురుగుల రెక్కలు, పూరేకులు, గడ్డిపోచలు ఏరి, ఫిల్ము వెడల్పున్న రెండు పారదర్శక టేపుల మధ్య అతికించి, దాన్నే ప్రింటు వేయించాడు. నాలుగు నిమిషాలైనా ఉండదు. వెలుగు కోసం వచ్చి చచ్చిపోయిన రెక్కల్లోంచి మళ్లీ వెలుగు పంపాడు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఆగినట్టవుతుంది.

మనకి దానికి ఏం కావాలి? తొలకరి పడ్డ సాయంత్రం ట్యూబులైటు కింద ఉసుళ్లు వాలి, తెల్లారేసరికి గుప్పెళ్ల కొద్దీ రెక్కలు రాల్చిపోతాయి. చీపురుతో ఊడవకండి, మెత్తటి పెయింటు బ్రష్‌తో ఒక కాగితం మీదకి తోయండి. ఇంకా ఉల్లిపొర, పలాస జీడిపప్పు మీద ఉండే ఎర్రటి సన్నపొట్టు, ఈనెలు మాత్రం మిగిలిన రావాకు, శంఖుపువ్వు, బంతిరేకులు. పూలూ ఆకులూ మాత్రం పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, వారం రోజులు ఆరనివ్వాలి. నేను మొదటిసారి ఆత్రంకొద్దీ పచ్చి శంఖుపువ్వులే అతికించేశాను. ఆగస్టు నెల, గాల్లోనే తడి. నాలుగు రోజుల్లో టేపు లోపల ఆవిరి పట్టి, తర్వాత బూజు పట్టి ఆరడుగుల పట్టీ పనికిరాకుండా పోయింది.

రెండంగుళాల పారదర్శక ప్యాకింగ్ టేపు తీసుకోండి. నున్నటి స్టీలు బల్ల మీద జిగురు పైకి ఉండేలా అడుగు పొడవు పరిచి, రెండు చివర్లా వేరే టేపుతో బల్లకి పట్టించండి. పట్టకారుతో ఒక్కో రెక్క పెట్టాలి, వేలితో పెడితే వేలిముద్ర కూడా సినిమాలో ఉంటుంది. పైన ఇంకో టేపు ఒక చివర నుంచి స్కేలుతో నొక్కుకుంటూ వేస్తే గాలి బుడగలు రావు, వచ్చినా బుడగలు గుండ్రటి వెలుగు చుక్కలవుతాయి, కొన్ని ఉంటే మంచిదే. తర్వాత 35 మిల్లీమీటర్ల వెడల్పుకి కోయండి. అంచున ప్రతి 19 మిల్లీమీటర్లకీ మార్కరుతో చుక్క పెడితే అది ఒక ఫ్రేము, థియేటరు రీలు కొలతే. అడుగుకి 16 ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండు వంతులు. పది సెకన్ల సినిమాకి 15 అడుగుల పట్టీ కావాలి. ఈ లెక్క వినగానే సగం మంది మానేస్తారు. మానకండి, నలుగురు కూర్చుంటే ఒక ఆదివారం పని.

ఇప్పుడు దీన్ని చూడడం ఎలా? రెండు దారులు ఉన్నాయి.

ఫోనుతో చెయ్యాలంటే ఒక టాబ్లెట్‌లో తెల్ల తెర పూర్తి వెలుగులో పెట్టి, దానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన గాజు పలక, దాని మీద ట్రేసింగ్ పేపరు, ఆపైన పట్టీ. నేరుగా తెర మీద పెడితే తెర చుక్కలు కూడా ఫొటోలో పడతాయి. చుక్క నుంచి చుక్కకి జరుపుతూ ఒక్కో ఫ్రేము ఫొటో తీసి, సెకనుకి 24 చొప్పున నడపండి. అలా కాకుండా పట్టీని మెల్లగా లాగుతూ వీడియో తీస్తే రెక్కలు తెర మీద జారుతూ పోతాయి, అందంగానే ఉంటుంది గానీ అది వేరే సినిమా. ప్రొజెక్టరులో ఫ్రేము ఒక్క క్షణం ఆగుతుంది, వెలుగు మూసుకుంటుంది, తర్వాతి ఫ్రేము వచ్చి ఆగుతుంది. ఆగడంలోనే రెక్క కొట్టుకున్నట్టు ఉంటుంది. రెండూ చేసి పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

రెండో దారి మన చిన్నప్పటిది, నలభై దాటినవాళ్లకి చెప్పక్కర్లేదు. థియేటరు ఆపరేటరు రూము కింద పారేసిన ఫిల్ము ముక్కలు ఏరుకొచ్చి, ఫ్యూజైన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ కొట్టి గోడ మీద హీరో బొమ్మ చూసేవాళ్లం కదా, అదే. పాతకాలపు గాజు బల్బు కావాలి. సీఎఫ్ఎల్ బల్బు జోలికి పోవద్దు, అందులో పాదరసం ఉంటుంది. మందపాటి గుడ్డ చుట్టి, పట్టకారుతో అడుగు భాగం తీసి, లోపలి గాజు కాడని మెల్లగా విరిచి తీసేయాలి, పిల్లలతో చేయించకండి. నీళ్లు నిండుగా పోసి, మూతికి మైనం పెట్టండి. బల్బు గుండ్రటి భాగం ఆరు సెంటీమీటర్ల వెడల్పుంటే దాని ఫోకస్ నడిబొడ్డు నుంచి దాదాపు ఆరు సెంటీమీటర్లు, అంటే గాజు నుంచి మూడు. పట్టీని గాజుకి మూడు సెంటీమీటర్ల కంటే కాస్త ఎడంగా తలకిందులుగా పట్టుకుని, బయట అద్దం పెట్టి, కిటికీ కన్నాన్ని రెక్క పట్టేంత పెద్దది చేసి, దాంట్లోంచి ఎండని పట్టీ మీదకి పంపండి. ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒక చోట గోడ మీద ఉసుళ్ల రెక్క మీటరు పొడవున నరాలతో సహా లేస్తుంది. అంచుల్లో రంగులు చెదురుతాయి, మధ్యలోనే పదును. బల్బు దాటాక వెలుగు ఒక చుక్కలోకి కూడుకుంటుంది, అక్కడ చెయ్యి గానీ గుడ్డ గానీ పెడితే కాలుతుంది.

మొదటిసారి రెక్క అలా లేచినప్పుడు పక్కనున్న మా చిన్నాన్న కొడుకు "ఓలమ్మ, ఇది ఉసులేనా!" అన్నాడు. వాడు రోజూ ఊడ్చిపారేసే రెక్కే అది.

ఐదో పని: వెలుగు, చీకటి, అంతే

అడ్డం పెట్టడంలో చివరి మెట్టు, పూర్తిగా మూసెయ్యడం, పూర్తిగా తెరిచెయ్యడం. ఆస్ట్రియా దర్శకుడు పీటర్ కుబెల్కా 1960లో నల్ల ఫ్రేములు, తెల్ల ఫ్రేములు మాత్రమే వాడి సినిమా చేశాడు, శబ్దం కూడా హోరు లేదా నిశ్శబ్దం. 1966లో అమెరికాలో టోనీ కాన్రాడ్ అరగంట సినిమా అలాగే తీశాడు, మొదట్లో ఆరోగ్య హెచ్చరిక పెట్టాడు. నలుపు తెలుపులే అయినా చూసేవాళ్లకి రంగులు కనపడతాయి, అవి తెర మీద ఉండవు, కంట్లో పుడతాయి.

ఎడిటింగ్ యాప్‌లో ఒక నల్ల బొమ్మ, ఒక తెల్ల బొమ్మ పెట్టి ఫ్రేములు లెక్కపెట్టుకుని పేర్చడమే. సెకనుకి 24 ఫ్రేముల్లో ఎనిమిది నలుపు, ఎనిమిది తెలుపు వేస్తే సెకనుకి ఒకటిన్నర మెరుపు, నాలుగు నాలుగు అయితే మూడు మెరుపులు. అక్కడ ఆపండి. సెకనుకి మూడు దాటిన మెరుపులు ఫిట్స్ ఉన్నవాళ్లకి ప్రమాదం, తమకి ఉందని తెలియని వాళ్లకి కూడా. ఊళ్లో అందరి ముందు వేసేటప్పుడు ఈ గీత దాటొద్దు. మూడు లోపు అయినా సరే ముందే నోటితో చెప్పి, వెళ్లేవాళ్లని వెళ్లనిచ్చి వెయ్యండి.

శబ్దం గురించి ఒక్క మాట. రీలు రోజుల్లో సినిమా శబ్దం కూడా వెలుగే. ఫిల్ము అంచున ఉన్న సన్నటి చారలోంచి దీపం వెలుగు వెళ్లి అవతల శబ్దంగా మారేది. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ ఆ చార మీద చేత్తో గీతలు గీసి సంగీతం పుట్టించాడు. మీ సినిమాకి పాట పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. పాట పెట్టగానే బిళ్ల పాటకి డాన్సు చేస్తున్నట్టవుతుంది. ఫ్యాను చప్పుడు, టేపు ఊడదీసిన చప్పుడు చాలు.

ఆరో పని: నలుగురికి చూపించండి

లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లిన ఆంథొనీ మెకాల్ 1973లో తెరని వదిలేశాడు. ఆయన సినిమాలో నల్ల తెర మీద ఒక తెల్ల చుక్క అరగంటలో మెల్లగా గీతై, గీత వంపు తిరిగి పూర్తి వృత్తం అవుతుంది. జనం చూడవలసింది తెరని కాదు, ప్రొజెక్టరు నుంచి తెర దాకా గాల్లో గరాటులా ఏర్పడే వెలుగు శంకువుని. ఆ రోజుల్లో పాత గిడ్డంగుల్లో దుమ్ము, సిగరెట్ పొగ ఉండేవి కాబట్టి వెలుగు తగలడానికి ఏదో ఒకటి ఉండేది. తర్వాత శుభ్రమైన మ్యూజియం హాళ్లలో వేస్తే శంకువు కనపడక పొగ యంత్రాలు తెచ్చుకోవలసి వచ్చింది.

మనకి సాంబ్రాణి ఉంది. గది మూసి, ఫ్యాన్లు ఆపి, ధూపం వేసి, పొగ మేఘాల్లా కాకుండా సమంగా పరుచుకునేదాకా పది నిమిషాలు ఆగండి. చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టరుకి ఒక లోపం ఉంది, దాని నలుపు నలుపు కాదు, బూడిద రంగు. అందుకని నల్ల అట్టకి సన్నటి వంపు చీలిక కోసి లెన్సు ముందు పెట్టండి, తెల్ల తెర వెయ్యండి. గాల్లో వంగిన వెలుగు రేకు నిలబడుతుంది. పిల్లలు ముందు భయపడి, తర్వాత దాంట్లో చెయ్యి పెట్టి కోస్తారు, కోయనివ్వండి. లెన్సులోకి నేరుగా మాత్రం చూడనివ్వకండి. ఆయాసం ఉన్నవాళ్లని తలుపు దగ్గర కూర్చోబెట్టండి.

ఒకసారి ఒక కల్యాణ మండపంలో వేశాం. పదో నిమిషంలో అక్కడి మనిషి కరెంటు పోయిందనుకుని లైట్లన్నీ వేశాడు, ఫ్యాన్లు కూడా తిరిగాయి, పొగంతా కిటికీల్లోంచి పోయింది. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి స్విచ్‌బోర్డు దగ్గర మన మనిషి ఒకడు కూర్చుంటాడు, మీరూ అలాగే చెయ్యండి.

పట్టీల సంగతి ఒకటి మిగిలింది. అన్నీ అయ్యాక వాటిని గాలి చొరబడని స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి దాచండి, మన సముద్రపు గాలికి బయట ఉంటే ఆగవు. కానీ శంఖుపువ్వు పట్టీ మాత్రం ఒకేలాంటివి రెండు చేసుకోండి. ఒకటి డబ్బాలో పెట్టి, రెండోది తూర్పు కిటికీ గాజుకి అతికించి వదిలేయండి. నీలం ముందు పాలిపోతుంది, తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది, ఊచల నీడ పడ్డ చోట మాత్రం కొంచెం నిలుస్తుంది. ఏడాది తర్వాత రెండింటినీ పక్కపక్కన ఒకే ఫ్రేములో పెట్టి తీయండి.